రెండు ల్యాబుల్లో రెండు శాతాలు: చుట్ట కాల్చే అమ్మ స్పైరోమెట్రీ రిపోర్టును ఎలా చదవాలి?

ముందు మీ ప్రశ్నను కుదించి రాస్తాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. అమ్మగారికి 62 ఏళ్లు, ఎత్తు 150 సెంటీమీటర్లు, ఊరు శ్రీకాకుళం వైపు. 35 ఏళ్లుగా రోజుకు నాలుగు చుట్టలు. విశాఖలో స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష, చేసినప్పుడు ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో బయటికొచ్చే గాలి) 1.42 లీటర్లు, ఉండాల్సినదాంట్లో 79 శాతం. నాలుగు నెలల తర్వాత డాలస్‌లో 1.40 లీటర్లు, 70 శాతం. నాలుగు నెలల్లో తొమ్మిది శాతం పోయిందా, రెండింట్లో ఏ ల్యాబు తప్పు, ఆడవాళ్లకు, అందులోనూ మనవాళ్లకు పొగ ఎక్కువ చేటు చేస్తుందా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

ఏమీ పోలేదు. ఏ ల్యాబూ తప్పు కాదు. 1.42కీ 1.40కీ మధ్య తేడా 20 మిల్లీలీటర్లు. ఒకే మనిషి అదే కుర్చీలో కూర్చుని వెంటవెంటనే ఊదినా, మంచి రెండు ఊదుళ్ల మధ్య 150 మిల్లీలీటర్ల దాకా తేడాను ప్రమాణాలు ఒప్పుకుంటాయి. సీఓపీడీ (గాలి గొట్టాలు శాశ్వతంగా ఇరుకయ్యే దీర్ఘకాల జబ్బు) ఉన్నవాళ్లలో ఏడాది తేడాతో చేసిన రెండు పరీక్షల మధ్య 15 శాతం దాకా మార్పు వచ్చినా దాన్ని నిజమైన తగ్గుదల అనడానికి వెనకాడతాం. శాతం మారిందంటే ఆమె గాలి మారి కాదు, దేనితో భాగించారో అది మారి.

ఇక్కడితో ఊపిరి పీల్చుకోకండి. మీరు అడగని అంకె ఒకటి రెండు రిపోర్టుల్లోనూ ఉంది. ఎఫ్‌వీసీ (చివరిదాకా ఊదితే వచ్చే మొత్తం గాలి) విశాఖలో 2.17, డాలస్‌లో 2.15 అని రాశారు. 1.42ను 2.17తో, 1.40ను 2.15తో భాగించి చూడండి. రెండుచోట్లా 0.65. ఇది 0.70 కంటే తక్కువ. ఆమె వయసు ఆడవాళ్లకు మామూలు కనిష్ఠ హద్దు 0.67 దగ్గర ఉంటుంది, దానికీ కిందే ఉంది. అంటే గాలి గొట్టాల్లో అడ్డంకి ఉంది. ఈ అంకెలు గాలి గొట్టాలను వదులు చేసే సాల్బుటమాల్ మందు పీల్చిన తర్వాతవే అయితే, చుట్ట చరిత్రతో కలిపి చూస్తే, అది సీఓపీడీ. జబ్బు తీవ్రతను నాలుగు మెట్లుగా చూస్తే, 79, 70 రెండూ 50 నుంచి 79 మధ్య ఉండే రెండో మెట్టులోకే వస్తాయి. శాతాల గొడవలో పడి ఈ నిష్పత్తిని వదిలేయడమే ఇలాంటి కేసుల్లో మామూలుగా జరిగే పొరపాటు.

ఇప్పుడు ఆ హారం సంగతి. ఎఫ్‌ఈవీ1 అంటే నిండా పీల్చి, ఒక్క ఊపున ఊదితే మొదటి సెకనులో బయటికొచ్చే గాలి. ఎఫ్‌వీసీ అంటే చివరిదాకా ఊదితే వచ్చే మొత్తం. ఈ రెండూ లీటర్లలో కొలిచినవి. మెషీన్ వీటిని ‘ఈ వయసు, ఈ ఎత్తు, ఆడమనిషికి ఇంత రావాలి’ అనే అంచనాతో భాగించి శాతం ఇస్తుంది. ఆ అంచనా ఎవరిని కొలిచి తయారు చేశారన్నదే అసలు పేచీ.

మీ అమ్మగారి ఎత్తు, వయసుకు తెల్లజాతి ఆడవాళ్ల సూత్రం సుమారు 2.00 లీటర్లు రావాలంటుంది. 1.40ని 2.00తో భాగిస్తే 70 శాతం. డాలస్ రిపోర్టు ఇదే. మన దగ్గర చాలా మెషీన్లలో అదే సూత్రాన్ని ఉంచి, ‘ఏషియన్’ లేదా ‘ఇండియన్’ అని నొక్కితే 10 శాతం కోత పడేలా పెట్టి ఉంటారు. 2.00 కాస్తా 1.80 అవుతుంది. 1.42ని దానితో భాగిస్తే 79. అంతే లెక్క. 2012లో వచ్చిన జీఎల్‌ఐ (గ్లోబల్ లంగ్ ఫంక్షన్ ఇనిషియేటివ్) సూత్రాల్లో తెల్లవారు, ఆఫ్రికన్ అమెరికన్లు, ఈశాన్య ఆసియా, ఆగ్నేయాసియా, ‘ఇతరులు’ అని ఐదు గుంపులున్నాయి. 26 దేశాల నుంచి 74,187 మంది పొగతాగని ఆరోగ్యవంతుల కొలతలవి. మన ఉపఖండానికి విడిగా గుంపు లేదు, మనల్ని ‘ఇతరులు’లో వేస్తారు. ఆ గుంపుకు ఆడవాళ్ల ఎఫ్‌ఈవీ1 అంచనా తెల్లవారి కంటే దాదాపు 7 శాతం తక్కువ. అలా వేస్తే 1.86, అమ్మగారికి 75 శాతం. ఆఫ్రికన్ అమెరికన్ గుంపుకైతే దాదాపు 14 శాతం తక్కువ, అంటే అదే 1.40 ఏకంగా 81 శాతం అవుతుంది. ఒకే ఊపిరికి 70, 75, 81. టెక్నీషియన్ ఏ పేరు మీద నొక్కాడన్నదాన్ని బట్టి.

నిష్పత్తికి ఈ బాధ దాదాపు లేదు. పైనా కిందా రెండూ ఆమె సొంత కొలతలే కాబట్టి జాతిని బట్టి దాని హద్దు ఒకటి రెండు శాతానికి మించి కదలదు. అందుకే చదివే వరస: ముందు నిష్పత్తి, తర్వాత లీటర్లు, ఆఖర్న శాతం. రిపోర్టులో జెడ్ స్కోరు ఉంటే శాతం కంటే అదే మేలు. మైనస్ 1.645 కంటే కిందికి పోతే ఆరోగ్యవంతుల్లో అట్టడుగు ఐదు శాతంలో ఉన్నారని అర్థం. అయితే దానికీ అదే అంచనా పునాది, అదీ గుర్తుంచుకోవాలి.

ఈ జాతి కోత ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త తెలియాలి, లేకపోతే డాక్టర్లు ఎందుకు వాదించుకుంటున్నారో అర్థం కాదు. 1846లో లండన్‌లో జాన్ హచిన్సన్ రెండు వేల పైచిలుకు మందిని ఊదించి, ఊపిరి సామర్థ్యం ఎత్తుతో పాటు పెరుగుతుందని చూపించాడు. ఆ పరికరాన్నే కొన్నేళ్లకు అమెరికా దక్షిణాదిలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు బానిసల మీద వాడి, నల్లవారి ఊపిరి 20 శాతం తక్కువని, కాబట్టి పొలం పని వాళ్ల ఒంటికి మంచిదని రాశాడు. కొలత ఒకటి, దానికి తగిలించిన అర్థం ఇంకొకటి. ఆ తర్వాత శతాబ్దానికి పైగా నల్లవారికి 12 నుంచి 15 శాతం, ఆసియావారికి 6 నుంచి 10 శాతం కోత మెషీన్లలో అలవాటుగా కూర్చుంది. 1999లో హాంకిన్సన్ అనే పరిశోధకుడి సూత్రాలు తెల్లవారికి, నల్లవారికి, మెక్సికన్ అమెరికన్లకు విడివిడిగా వచ్చాయి, మనం అందులోనూ లేము. 2022లో అందరినీ కలిపి ఒకే సూత్రంగా ‘జీఎల్‌ఐ గ్లోబల్’ తయారైంది. 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ జాతి పేరు లేని సూత్రాలే వాడమంది. ఆ మార్పు వల్ల అమెరికాలో సుమారు 1.25 కోట్ల మందికి ‘ఊపిరి తగ్గిందా లేదా’ అన్న తీర్పు అటో ఇటో మారవచ్చని 2024లో లెక్క వేశారు. ల్యాబులన్నీ ఒకేసారి మారలేదు. కాబట్టి రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో ఏ సూత్రమో చూడండి. పేరు లేకపోతే ఫోన్ చేసి అడగండి, చెబుతారు.

‘అయితే మనవాళ్ల ఊపిరితిత్తులు నిజంగా చిన్నవా?’ కొలిస్తే చిన్నవిగానే వస్తున్నాయి. 17 దేశాల్లో చేసిన ప్యూర్ అధ్యయనంలో పొగతాగని ఆరోగ్యవంతుల్లో సైతం, వయసూ ఎత్తూ సరిచేశాక, దక్షిణాసియా వాళ్ల ఎఫ్‌ఈవీ1 ఉత్తర అమెరికా, యూరప్ వాళ్ల కంటే 30 శాతం దాకా తక్కువ వచ్చింది. ఇది రక్తంలో ఉందా, పెరిగిన తీరులో ఉందా అన్నది వేరే ప్రశ్న. మొత్తం ఎత్తు ఒకటే అయినా కాళ్లు పొడుగ్గా, మొండెం పొట్టిగా ఉంటే ఛాతీ పెట్టె చిన్నదవుతుంది. కూర్చున్న ఎత్తును లెక్కలోకి తీసుకుంటే అమెరికాలో నల్లవారికీ తెల్లవారికీ మధ్య తేడాలో మూడో వంతుకు పైగా అక్కడే తేలిపోయింది. మిగిలినదాంట్లో తక్కువ బరువుతో పుట్టడం, చిన్నప్పటి తిండి, పొయ్యి పొగ, పదే పదే వచ్చిన జలుబు దగ్గులు అన్నీ ఉంటాయి. అమెరికాలో పుట్టి పెరిగిన భారతీయుల ఊపిరి, ఇక్కడి నుంచి వెళ్లిన భారతీయుల కంటే ఎక్కువగా వచ్చిందని 2010లో కొలిచి చూపించారు. అదే రక్తం, పెరిగిన వాతావరణం వేరు. నా దృష్టిలో జాతి కోత మీద ఇంతకంటే గట్టి అభ్యంతరం అక్కర్లేదు. చిన్నప్పటి పొగను ‘మీ జాతికి ఇది మామూలే’ అని క్షమించేసినట్టవుతుంది.

అలాగని కోత తీసేస్తే అంతా సర్దుకోదు. తెల్లవారి సూత్రంతో చదివితే మన ఆడవాళ్ల రిపోర్టుల్లో ‘మైల్డ్ రెస్ట్రిక్షన్’ (ఊపిరితిత్తుల్లో పట్టే గాలే కాస్త తగ్గడం) అని తెగ వస్తుంది. నిష్పత్తి బాగుండి, ఎఫ్‌వీసీ మాత్రం 72, 75 శాతం. చూడగానే ఊపిరితిత్తులు గట్టిపడ్డాయేమోనని సీటీ దాకా పరిగెత్తిస్తారు. స్పైరోమెట్రీ ఒక్కదానితో రెస్ట్రిక్షన్ నిర్ధారించకూడదు. మొత్తం ఊపిరితిత్తుల పరిమాణం, అంటే టీఎల్‌సీ, బాడీ బాక్స్ అనే మూసిన గదిలాంటి పెట్టెలోనో గ్యాసు పద్ధతిలోనో కొలవాలి. ఎక్కువమందికి అది మామూలుగానే వస్తుంది.

ఇక మీ మూడో ప్రశ్న, ఆడవాళ్లకు పొగ ఎక్కువ చేటా. జవాబు అవుననే మొగ్గుతుంది, కానీ ఒక్క మాటలో తెగేది కాదు. ఊపిరితిత్తుల సైజు సమానంగా ఉన్న ఆడా మగా ఇద్దరిని తీసుకున్నా, మగవాళ్ల పెద్ద గాలి గొట్టాలు వ్యాసంలో 17 శాతం దాకా పెద్దవని 1980లో మీడ్ అనే పరిశోధకుడు చూపించాడు. సన్నటి గొట్టంలో అదే పొగ, అదే వాపు, అదే కళ్లె ఎక్కువ అడ్డం పడతాయి. యాభై ఐదేళ్ల లోపే తీవ్రమైన సీఓపీడీ వచ్చినవాళ్లను చూస్తే వాళ్లలో ఆడవాళ్లు, ఆఫ్రికన్ అమెరికన్లు జనాభాలో తమ వాటా కంటే బాగా ఎక్కువ. తక్కువ సిగరెట్లకే ఆ స్థితికి చేరినవాళ్లు.

మానడం దగ్గర మాత్రం లెక్క ఆడవాళ్ల వైపు తిరుగుతుంది. అమెరికా, కెనడాల్లో 35 నుంచి 60 ఏళ్ల వయసున్న 5,887 మంది పొగతాగేవాళ్లతో లంగ్ హెల్త్ స్టడీ అని జరిగింది. మానేసిన మొదటి ఏడాదిలో ఆడవాళ్ల ఎఫ్‌ఈవీ1 అంచనాలో 3.7 శాతం పెరిగితే, మగవాళ్లకు 1.6 శాతమే. పదకొండేళ్లు గమనిస్తే, కాలుస్తూనే ఉన్న ఆడవాళ్లు ఏటా సుమారు 54 మిల్లీలీటర్లు పోగొట్టుకున్నారు, మానేసి అలాగే ఉన్నవాళ్లు 22. మీ అమ్మగారి 1.40 మీద ఇదే వేగం అనుకుంటే, పదేళ్లకు ఒక దారిలో 0.86, ఇంకో దారిలో 1.18. మొదటిది మెట్లెక్కడమే కష్టమయ్యే స్థితి, రెండోది మార్కెట్టుకు నడిచి వెళ్లి రాగలిగే స్థితి. ఒక హెచ్చరిక: ఆ అధ్యయనంలో అత్యధికులు తెల్లవారు, తాగినవి సిగరెట్లు. చుట్ట కాల్చే శ్రీకాకుళం ఆడవాళ్ల మీద అంత పొడుగు లెక్క లేదు కాబట్టి దీన్ని దిక్సూచిగా తీసుకోండి, తూకపు రాయిగా కాదు.

జాతుల మధ్య తేడాల్లో చాలావరకు ‘ఎన్ని తాగుతారు’ అన్నదాంట్లో కాదు, ‘ఏది, ఎలా తాగుతారు’ అన్నదాంట్లో దొరుకుతుంది. అమెరికాలో నల్లజాతి ఆడవాళ్లు రోజుకు తాగే సిగరెట్లు తెల్లవారి కంటే తక్కువ, కానీ ఒక్కో సిగరెట్టు నుంచి లాగే నికోటిన్ ఎక్కువ. రక్తంలో కొటినిన్ (ఒంట్లో నికోటిన్ మారి ఏర్పడే పదార్థం) కొలిస్తే అది బయటపడుతుంది. వాళ్లలో ఎక్కువమంది తాగేది మెంథాల్ సిగరెట్లు, గొంతులో మంట తెలియనివ్వవు. చైనా మూలాలవారు ఒక్కో సిగరెట్టు నుంచి తక్కువ నికోటిన్ లాగుతారు. హిస్పానిక్ అనేది ఒక గుంపే కాదు: మెక్సికో మూలాల ఆడవాళ్ల ఊపిరి లెక్కలు బాగుంటే, ప్యూర్టోరికో మూలాలవాళ్లలో ఉబ్బసం, సీఓపీడీ రెండూ ఎక్కువ. ఇద్దరినీ ఒక గడిలో వేసి సగటు తీస్తే ఏ ఒక్కరికీ పనికిరాని అంకె వస్తుంది. మొత్తం ‘ఆసియన్’ గడి కథా అంతే.

నల్లవారికి జాతి కోత వేసినప్పుడు రిపోర్టు ‘నార్మల్’ వచ్చి, సీటీలో మాత్రం ఎంఫిసీమా (ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తులు దెబ్బతినడం) కనిపించిన సందర్భాలు మగవాళ్లలో స్పష్టంగా తేలాయి, ఆడవాళ్లలో అంత స్పష్టంగా కాదు. ఆడవాళ్ల సీఓపీడీలో ఎంఫిసీమా కంటే గొట్టాల వాపు, ఇరుకుదనం ఎక్కువ కావడం ఒక కారణం కావచ్చు. సీటీ శుభ్రంగా ఉంది కదా అని ఆడవాళ్ల ఆయాసాన్ని కొట్టిపారేయకూడదన్నది ఇందులో పనికొచ్చే సంగతి.

ఆడవాళ్ల పొగ చరిత్ర సగం కాగితం మీదికే రాదు. కొరియాలో ఆడవాళ్లను నోటితో అడిగిన లెక్కకూ, మూత్రంలో కొటినిన్ చూసిన లెక్కకూ రెట్టింపుకు పైగా తేడా వచ్చింది. మన దగ్గర దాచడం కంటే ప్రశ్నే తప్పు. ‘స్మోకింగ్ ఉందా?’ అంటే మన తీరప్రాంతపు పెద్దామె ‘లేదు బాబూ’ అంటుంది, అబద్ధం కాదు. ఆమె లెక్కలో స్మోకింగ్ అంటే మగవాళ్ల సిగరెట్టు. ‘చుట్ట కాలుస్తావా అమ్మా? నిప్పు బయటికా, లోపలికా? రోజుకు ఎన్ని? ఎన్నో ఏట మొదలెట్టావు?’ అని అడిగితే అన్నీ చెబుతుంది. 2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో ఆడవాళ్లలో పొగతాగేవాళ్లు 2 శాతమే, నమిలేవాళ్లు 12.8 శాతం. ఆ 2 శాతం దేశమంతా సమంగా పరుచుకుని లేదు. ఉత్తరాంధ్ర తీరంలో ఒకే పల్లెలో వీధికి నలుగురు దొరుకుతారు.

చుట్టను ‘ప్యాక్ ఇయర్స్’లోకి, అంటే రోజుకు ఎన్ని సిగరెట్టు ప్యాకెట్లు ఇంటూ ఎన్నేళ్లు అన్న లెక్కలోకి, మార్చడం అమెరికా డాక్టరుకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మీరే చేసి పట్టుకెళ్లండి. ఆమె కాల్చే రకం చుట్టలు పది తీసుకుని వంటింటి ఎలక్ట్రానిక్ తూకం మీద పెట్టండి. 30 గ్రాములు వచ్చాయనుకుందాం, ఒక్కోటి 3 గ్రాములు. పారేసే ముక్కలు పది పోగేసి తూచండి, 5 గ్రాములనుకుందాం. కాలినది ఒక్కో చుట్టకు రెండున్నర గ్రాములు. రోజుకు నాలుగైతే 10 గ్రాములు. సిగరెట్టుకు గ్రాము పొగాకు అని మోటు లెక్క, 20 గ్రాములు ఒక ప్యాకెట్టు. అంటే రోజుకు అర ప్యాకెట్టు, 35 ఏళ్లకు 17.5 ప్యాక్ ఇయర్స్. సొంతంగా చుట్టుకునే ఇళ్లలో లావు సన్నం మారుతుంది, కాబట్టి తూచకుండా ఊహించొద్దు. చుట్ట పొగ ఘాటు వల్ల చాలామంది సిగరెట్టులా లోతుగా పీల్చరు, నికోటిన్ నోటి నుంచే ఎక్కుతుంది. ఊపిరితిత్తులకు చేరిన వాటా ఈ అంకె కంటే తక్కువ కావచ్చు, నోటికి చేరినది చాలా ఎక్కువ.

దీనికి పొయ్యి పొగ కలపాలి. మెక్సికోలో కట్టెల పొయ్యి దగ్గర వంటచేసే ఆడవాళ్ల మీద పనిచేసినవాళ్లు ‘గంట-సంవత్సరాలు’ అనే లెక్క పెట్టారు: రోజుకు పొయ్యి దగ్గర గడిపే గంటలు ఇంటూ ఏళ్లు. 200 దాటినవాళ్లలో దీర్ఘకాలపు కళ్లె దగ్గు, గాలి అడ్డంకి ముప్పు విపరీతంగా పెరిగింది. అమ్మగారు గ్యాసు రాకముందు ముప్పై ఏళ్లు రోజుకు నాలుగు గంటలు కట్టెల పొయ్యి ముందున్నారనుకుంటే 120. రెండు పొగలూ ఉన్నవాళ్లకు ఏది ఎంత పాడుచేసిందో విడదీయలేం, విడదీయాల్సిన పనీ లేదు. కానీ డాక్టరుకు రెండూ చెప్పాలి. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టిన ఆడవాళ్లకైతే పొగాకు దుమ్ము గురించి కూడా.

ఇక పరీక్ష నాణ్యత. ఆడవాళ్ల రిపోర్టులు పాడయ్యే చోట్లు కొన్ని ఉన్నాయి, వీటిని ఎవరూ చెప్పరు.

అన్నిటికంటే పెద్దది, ముందే ఊదడం ఆపేయడం. కాన్పుల తర్వాత దగ్గితే మూత్రం చుక్క పడే ఇబ్బంది చాలామంది పెద్దావిడలకు ఉంటుంది, పొట్ట బిగించి ఊదమంటే భయపడి మూడో సెకనుకే వదిలేస్తారు. అప్పుడు ఎఫ్‌ఈవీ1 సరిగ్గానే వస్తుంది, ఎఫ్‌వీసీ తగ్గిపోతుంది, నిష్పత్తి అబద్ధంగా పెరుగుతుంది. మీ అమ్మగారి కేసే చూడండి: 2.15 దగ్గర ఆగాల్సిన ఊపిరి 1.85కే ఆగితే, 1.40ని 1.85తో భాగిస్తే 0.76. సీఓపీడీ మాయం! పైగా ‘రెస్ట్రిక్షన్’ అని కొత్త పేరు. రిపోర్టులో లీటర్లు-సెకన్ల గ్రాఫు చూడండి. గీత ఎక్కి, చివర్లో చాప పరిచినట్టు చదునుగా అయి ఉండాలి. ఎక్కుతూ ఎక్కుతూనే తెగిపోతే ఆ ఎఫ్‌వీసీని నమ్మకండి. మందు ఒకటే: టెస్టుకు ముందు బాత్రూముకు పంపడం, గదిలో మగవాళ్లను తగ్గించడం.

ఎత్తు రెండోది. ‘ఐదడుగులు’ అని నోటితో చెప్పింది టైపు చేసేస్తారు. చెప్పులు తీయించి, మడమలు గోడకు ఆనించి కొలవాలి. మూడు సెంటీమీటర్లు ఎక్కువ రాస్తే అంచనా నాలుగు శాతం పెరిగి, ఆమె శాతం పడిపోతుంది. నడుం వంగిపోయి ఉంటే రెండు చేతులూ చాచిన వెడల్పు కొలిచి వాడతారు, అడగండి.

కట్టుడు పళ్లు గట్టిగా కూర్చుంటే తీయొద్దు, పెదాలకు ఆసరా ఉండి గొట్టం చుట్టూ గాలి కారదు. చీరకుచ్చిళ్లూ, లోపలి పావడా బొందూ బిగుతుగా ఉంటే వదులు చేయాలి. చుట్ట కనీసం గంట ముందు ఆపాలి. సాల్బుటమాల్ 100 మైక్రోగ్రాముల స్ప్రే స్పేసర్‌తో నాలుగు పఫ్‌లు, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ ఊదాలి. ఐదు నిమిషాలకే పిలిస్తే ఆ ‘తర్వాత’ అంకెకు విలువ లేదు.

ఇప్పుడు మీరు చేయాల్సినవి.

ముందు, రెండు రిపోర్టుల్లోని 0.65 మందుకు ముందుదో తర్వాతదో తేల్చండి. ముందుదైతే ఇంకోసారి ఊదించాలి. ఇకపై వీలైనంతవరకు ఒకే ల్యాబులో, ఏడాదికోసారి, లీటర్లు ఒక కాగితం మీద రాసుకోండి, శాతం పక్కన సూత్రం పేరు కూడా.

డీఎల్‌సీఓ ఒకసారి చేయించండి. గాలి రక్తంలోకి ఎంత ఎక్కుతోందో అది చెబుతుంది. హిమోగ్లోబిన్ విలువ ఇచ్చి సరిచేయమనండి, మన ఆడవాళ్లలో రక్తహీనత వల్లే అది తక్కువగా వస్తుంటుంది. ఆ రోజు చుట్ట అసలు కాల్చకూడదు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కొలతను చెడగొడుతుంది.

అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ముందే పట్టుకోవడానికి చేసే లో-డోస్ సీటీ స్క్రీనింగ్‌కు 2021 నుంచి హద్దు 50 నుంచి 80 ఏళ్లు, 20 ప్యాక్ ఇయర్స్, ఇంకా కాలుస్తున్నా లేదా మాని 15 ఏళ్లు దాటకపోయినా. అంతకుముందు 30 ఉండేది. తక్కువ కాల్చినా జబ్బు పడే ఆడవాళ్లు, నల్లవారు ఆ హద్దు వల్ల బయట పడిపోతున్నారని తగ్గించారు. మీ లెక్క 17.5, గీతకు కాస్త ఇవతల. చుట్ట తూకం సరిగ్గా చేస్తే అటో ఇటో తేలుతుంది.

మానడానికి: ఆడవాళ్లలో నికోటిన్ త్వరగా కరిగిపోతుంది, అందుకే ప్యాచ్, గమ్ మగవాళ్లకు పనిచేసినంతగా వాళ్లకు పనిచేయవు. పొగ మాన్పించే వారెనిక్లిన్ మాత్రకు ఆ లోటు కనబడలేదు. మొదటి మూడు రోజులు రోజుకు ఒకటి 0.5 మిల్లీగ్రాములు, తర్వాతి నాలుగు రోజులు రెండు పూటలా 0.5, ఎనిమిదో రోజు నుంచి రెండు పూటలా 1, మొత్తం 12 వారాలు. కిడ్నీ దెబ్బతిని ఉంటే మోతాదు తగ్గిస్తారు, డాక్టరు లేకుండా మొదలెట్టొద్దు. ఖాళీ కడుపుతో వేసుకుంటే వాంతి వస్తుంది, అన్నం తిన్నాక గ్లాసెడు నీళ్లతో ఇవ్వండి. నికోటిన్ గమ్ కట్టుడు పళ్లకు అతుక్కుంటుంది, లాజెంజ్ (చప్పరించే నికోటిన్ బిళ్ల) నయం. లేవగానే అరగంట లోపు చుట్ట ముట్టించే అలవాటుంటే 4 మిల్లీగ్రాములది. ఊళ్లో ఉన్న బంధువులకైతే ప్రభుత్వ ఉచిత నంబరు 1800-11-2356.

ఆఖరిది, దీన్ని మాత్రం వాయిదా వేయొద్దు. ఆమె నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగే మనిషైతే ఈ వారమే అంగిలి చూపించండి. గాలికి ఆరిపోకుండా, నిప్పు రవ్వ చంకలో బిడ్డ మీద పడకుండా అని తీరంలో మొదలైన అలవాటది. వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ప్రచురించిన పరిశీలన ఈ అంగిలి మచ్చల గురించే. తెల్లగా మందమైన పొర, దాని మీద ఎర్రటి చుక్కలు మామూలుగా కనబడేవి. ఎర్రగా ఒలిచినట్టున్న చోటు, మానని పుండు, గడ్డలా లేచిన చోటు అయితే బయాప్సీ తీయాలి. డాలస్ డెంటిస్టు ఇలాంటిది ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు, ‘రివర్స్ స్మోకింగ్’ అని మీరే ముందుగా చెప్పండి. ఫోన్ టార్చి వేసి, తల వెనక్కి వాల్చమని, కట్టుడు పళ్లు తీయించి ఇవాళే మీరూ ఒకసారి చూడండి.

రిపోర్టుల్లో గ్రాఫుల పేజీ ఉంటే, పేరు చెరిపేసి ఇక్కడ పెట్టండి. ఆ గీత చదునుగా ఆగిందో, మధ్యలో తెగిందో చూసి చెబుతాను.